లక్సెంబర్గ్ ఎలా చూడాలి: వీసా ఫైలు నుంచి షెంగెన్ ఊరి దాకా

యూరప్ వెళ్దామనుకున్న ప్రతి తెలుగింట్లోనూ ‘షెంగెన్’ అనే మాట ఏదో ఒక రోజు మోగుతుంది. అపాయింట్‌మెంట్ దొరికిందా, బ్యాంకు స్టేట్‌మెంట్ సరిపోతుందా, వేలిముద్రలు ఎప్పుడివ్వాలి అంటూ నెలల తరబడి ఆ మాట చుట్టూనే టెన్షన్ పడతాం. అది ఒక ఊరి పేరని మాత్రం చాలామందికి తెలియదు. లక్సెంబర్గ్ అనే చిన్న దేశంలో, మొజెల్ నది ఒడ్డున, ద్రాక్షతోటల వాలు కింద ఉన్న పల్లెటూరు అది.

మనవాళ్లలో ఎక్కువమంది లక్సెంబర్గ్‌ను టూరు బస్సు కిటికీలోంచి చూస్తారు. పారిస్ నుంచి జర్మనీ వెళ్లే దారిలో బస్సు రెండు గంటలు ఆగుతుంది, ఒక వంతెన, ఒక చర్చి, నాలుగు ఫొటోలు, మళ్లీ బస్సెక్కడం. అలా చూడొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మూడు రాత్రులు ఇవ్వండి చాలు. మా అమ్మానాన్నలను తీసుకుని వెళ్లినప్పుడు నేను నేర్చుకున్నవీ, ముందే తెలిసుంటే బాగుండేదనిపించినవీ వరసగా చెబుతాను.

ముందు దేశం గురించి రెండు ముక్కలు. విస్తీర్ణం 2,586 చదరపు కిలోమీటర్లు, అంటే మన రంగారెడ్డి జిల్లాలో దాదాపు సగం. సముద్రం లేదు. చుట్టూ బెల్జియం, ఫ్రాన్స్, జర్మనీ. జనాభా సుమారు 6 లక్షల 80 వేలు, అందులో సగానికి కాస్త తక్కువమంది విదేశీ పౌరులే. వీళ్లు కాక రోజూ పొద్దున్నే 2 లక్షలమందికి పైగా పక్క దేశాల నుంచి పనికి వచ్చి సాయంత్రం తిరిగి వెళ్తారు. రాచరికం ఇంకా ఉంది. పాలకుణ్ణి రాజు అనరు, గ్రాండ్ డ్యూక్ అంటారు. 2025 అక్టోబరు 3న హెన్రీ తప్పుకుని కొడుకు గియోమ్‌కు సింహాసనం అప్పగించారు. స్టీలు వ్యాపారంలో ఉన్నవాళ్లకు ఇంకో పరిచయం కూడా అక్కర్లేదు, ఆర్సెలర్ మిట్టల్ ప్రధాన కార్యాలయం ఇక్కడే.

వీసా: ఏ దేశానికి పెట్టాలో ముందు తేల్చుకోండి

షెంగెన్ వీసా ఒక్కటి ఉంటే 29 దేశాలు తిరగొచ్చు. అయితే దరఖాస్తు ఏ దేశానికి పెట్టాలన్నది మన ఇష్టం కాదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి పెట్టాలి. రెండు దేశాల్లో సమానంగా ఉంటే ముందు ఎక్కడ అడుగుపెడతారో అక్కడికి. పారిస్‌లో ఐదు రోజులు, లక్సెంబర్గ్‌లో మూడు రోజులు అయితే మీది ఫ్రాన్స్ వీసా. దానితో లక్సెంబర్గ్ నిక్షేపంగా చూడొచ్చు. ‘ఫలానా దేశానికి అపాయింట్‌మెంట్ త్వరగా దొరుకుతుందట, అక్కడ పెట్టేసి తర్వాత మనకు నచ్చిన చోటికి పోదాం’ అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. వినకండి. విమానాశ్రయంలో అధికారి హోటల్ బుకింగ్‌లు అడిగితే నోట మాట రాదు, తర్వాతి వీసాకూ అది అడ్డం పడుతుంది.

దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల లోపు అయితే తీసుకోరు. మామూలుగా నిర్ణయానికి 15 రోజులు పడుతుంది, ఒక్కోసారి 45 రోజుల దాకా సాగుతుంది. కాబట్టి మూడు నెలల ముందే కదలండి. పెద్దలకు ఫీజు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు సగం, ఆరేళ్ల లోపు వాళ్లకు లేదు. పాస్‌పోర్టు తీసుకుని పదేళ్లు దాటకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి.

ఇన్సూరెన్స్ దగ్గర మేము దెబ్బ తిన్నాం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు కవర్ ఉండాలి, అది ఉంది. కానీ మాకు పాలసీ ఇప్పించిన ఏజెంటు తేదీలు వేసేటప్పుడు తిరుగు విమానం అర్ధరాత్రి దాటి బయల్దేరుతుందన్న సంగతి చూసుకోలేదు. ఒక రోజు తక్కువైంది. కౌంటర్ దగ్గర ఫైలు పక్కన పెట్టారు. అమ్మానాన్నలను కుర్చీల్లో కూర్చోబెట్టి, ఫోన్ల మీద ఫోన్లు చేసి, కొత్త పాలసీ ప్రింటు తెచ్చేసరికి ప్రాణం పోయినంత పనైంది. మీరు ఫైలు కట్టే ముందు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి: టికెట్, హోటల్ బుకింగ్, ఇన్సూరెన్స్. తేదీలు మూడింట్లోనూ కలవాలి. ఇన్సూరెన్స్ అటూ ఇటూ కొన్ని రోజులు ఎక్కువ తీసుకుంటే ఇంకా నయం.

ఎప్పుడు, ఎలా, ఎక్కడ దిగాలి

మే నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుతురు ఉంటుంది. జూన్ 23 జాతీయ దినం. ఆగస్టు చివర్లో షూబర్‌ఫోర్ అనే తిరునాళ్లు మొదలై దాదాపు మూడు వారాలు జరుగుతుంది, అది 1340 నుంచి నడుస్తున్న సంత. డిసెంబరులో క్రిస్మస్ అంగళ్లు బాగుంటాయి గానీ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, పెద్దవాళ్లతో అయితే నేను వద్దంటాను.

మన దగ్గర నుంచి నేరుగా విమానం లేదు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దిగి, అక్కడి నుంచి బస్సులో మూడు నాలుగు గంటల్లో రావచ్చు. పారిస్‌లో ఉంటే గార్ ద లెస్ట్ స్టేషన్ నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైలు రెండుంబావు గంటల్లో చేరుస్తుంది. లక్సెంబర్గ్ విమానాశ్రయం పేరు ఫిండెల్. 2025 మార్చి నుంచి ట్రామ్ విమానాశ్రయం దాకా వస్తోంది, సామాను లాక్కుంటూ దిగగానే ఎక్కేయొచ్చు.

హోటళ్లు ఖరీదే. ఇక్కడికి బ్యాంకు పనుల మీద, ఐరోపా సంస్థల పనుల మీద వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి సోమవారం నుంచి గురువారం దాకా ధరలు ఎక్కువగా ఉంటాయి, శుక్ర శని ఆదివారాల్లో దిగుతాయి. మీ మూడు రాత్రులను వారాంతంలోకి జరిపితే చెప్పుకోదగ్గ డబ్బు మిగులుతుంది. కుర్రవాళ్లయితే ఫాఫెన్‌థాల్ లోయలోని యూత్ హాస్టల్ చూడండి. మరీ బడ్జెట్ తక్కువైతే సరిహద్దు అవతల జర్మనీలోని ట్రియర్‌లో దిగొచ్చు, రైలు ఓ గంట లోపే. కానీ పెద్దవాళ్లను రోజూ అటూ ఇటూ తిప్పడం కన్నా ఊళ్లోనే ఉండడం మేలు.

మన రెండు పిన్నుల చార్జర్లు అక్కడి ప్లగ్గులో సరిపోతాయి, మూడు పిన్నులవి సరిపోవు. కుళాయి నీళ్లు తాగొచ్చు.

టికెట్ లేకుండా బండెక్కడం

2020 ఫిబ్రవరి 29 నుంచి ఈ దేశంలో బస్సులు, ట్రాములు, రైళ్లు అన్నీ ఉచితం. దేశం మొత్తం మీద, అందరికీ. మీరు ఆ దేశం వాళ్లా, టూరిస్టులా అని ఎవరూ అడగరు. టికెట్ లేదు, కార్డు లేదు, గేటు లేదు. తలుపు తెరుచుకుంటుంది, ఎక్కుతారు, అంతే. మా నాన్న నలభై ఏళ్లు ఆర్టీసీ బస్సులో చిల్లర చేతిలో పట్టుకుని ఎక్కిన మనిషి. మొదటి రోజు ట్రామ్‌లో జేబులో చెయ్యి పెట్టుకునే నిలబడ్డారు, ఎవరో ఒకరు వచ్చి అడుగుతారని. మూడో స్టాపుకి చెయ్యి బయటికి తీశారు.

రెండు జాగ్రత్తలు. ఉచితం రెండో తరగతికే, రైల్లో ఫస్ట్ క్లాస్ పెట్టె ఎక్కితే టికెట్ కావాలి. ఇక సరిహద్దు దాటితే డబ్బు కట్టాలి. ట్రియర్ నుంచి వచ్చేటప్పుడు జర్మనీ వైపు ముక్కకు టికెట్ కొనాల్సిందే.

ఫోన్‌లో ‘మొబిలిటేట్’ యాప్ వేసుకోండి. ఎక్కడి నుంచి ఎక్కడికి అని కొడితే బస్సు, రైలు, నడక అన్నీ నిమిషాలతో చూపిస్తుంది. బస్సు నంబర్లు నేను కావాలనే రాయడం లేదు, అవి మారుతుంటాయి. బస్సు వచ్చేటప్పుడు స్టాపులో చెయ్యెత్తండి. దిగేముందు ఎర్ర బటన్ నొక్కండి.

మొదటి రోజు: కోట మీద ఊరు

రాజధాని పేరు కూడా లక్సెంబర్గే. 963లో సీగ్‌ఫ్రీడ్ అనే ప్రభువు ఇక్కడి బోక్ అనే కొండబండను తీసుకుని కోట కట్టించాడు, ఊరు దాని చుట్టూ పెరిగింది. తర్వాత బుర్గుండీ వాళ్లు, స్పెయిన్ వాళ్లు, ఫ్రెంచి వాళ్లు, ఆస్ట్రియా వాళ్లు, ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) వాళ్లు ఒకరి తర్వాత ఒకరు పట్టుకుని, వచ్చిన ప్రతివాళ్లూ గోడలు పెంచారు. చివరికి అది ఎంత బలమైన కోట అయిందంటే, దాని కోసం ఫ్రాన్స్, ప్రష్యాలు యుద్ధానికి దిగే పరిస్థితి వచ్చింది. 1867లో లండన్ ఒప్పందం చేసుకుని, ఎవరికీ వద్దు, కూల్చేయండి అన్నారు. కూల్చడానికే 16 ఏళ్లు పట్టింది. మిగిలినదాన్ని, పాత ఊరిని కలిపి 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఊరు రెండు అంతస్తుల్లో ఉంటుంది, ఇది గుర్తుపెట్టుకుంటే దారి తప్పరు. పైన కొండ మీద బజారు, రాజప్రాసాదం, ఆఫీసులు. కింద లోయలో అల్జెట్ నది, పాత ఇళ్లు. పొద్దున్న తొమ్మిదింటికి కాన్‌స్టిట్యూషన్ కూడలి దగ్గర మొదలుపెట్టండి. అక్కడి నుంచి కనిపించే పెద్ద రాతి వంతెన అడాల్ఫ్ వంతెన, 1903లో పూర్తయింది. దాని రోడ్డు కింద వేలాడుతున్నట్టు ఇంకో దారి ఉంది, సైకిళ్లకూ నడిచేవాళ్లకూ. అక్కడి నుంచి కార్నిష్ అనే గోడ వెంట దారి పట్టండి. ఎడమవైపు పాత ఇళ్లు, కుడివైపు లోయ. తొందరపడొద్దు, ఈ దారి మొత్తం ఒక్క కిలోమీటరు కూడా ఉండదు.

దారి చివర బోక్ కొండ. దాని లోపల కేస్‌మేట్లు, అంటే కొండను తొలిచిన సొరంగాలు. ఈ ఊరి కింద ఇలాంటివి తొలవడం స్పెయిన్ వాళ్లు 1644లో మొదలుపెట్టారు, తర్వాత వోబాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు, ఆ తర్వాత ఆస్ట్రియా వాళ్లు పెంచారు. మొత్తం 23 కిలోమీటర్లు ఉండేవి, కూల్చినవి పోను ఇప్పటికీ 17 మిగిలాయి. మనకు చూపించేది కొంత భాగమే. లోపల గాలి చల్లగా, తడి మట్టి వాసన. ఫిరంగులు పెట్టడానికి తొలిచిన కంతల్లోంచి తల వంచి చూస్తే కింద నది, నల్లరాతి పలకల కప్పులు, ఒక చర్చి శిఖరం చట్రం కట్టినట్టు కనిపిస్తాయి. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ బాంబులకు భయపడి జనం ఇక్కడే దాక్కున్నారు, 35,000 మందికి చోటుండేది. చలికాలంలో మూసేస్తారు, వెళ్లే ముందు సమయాలు చూసుకోండి. మెట్లు ఇరుకు, ఎత్తూపల్లం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను లోపలికి తీసుకెళ్లకండి, బయట బెంచీ మీద కూర్చుంటే కనపడే దృశ్యం కూడా తక్కువేం కాదు.

తర్వాత కిందికి గ్రుండ్ పేటలోకి దిగండి. దిగడం సులువే, ఎక్కడం ఎలా అని బెంగ వద్దు. గ్రుండ్ నుంచి పైకి కొండ లోపలే లిఫ్ట్ ఉంది, ఉచితం. ఫాఫెన్‌థాల్ పేట దగ్గర ఇంకోటి, 71 మీటర్ల గాజు లిఫ్ట్, అదీ ఉచితమే. దీన్ని టూరిస్టుల కోసం కట్టలేదు. లోయలో ఉండేవాళ్లు పనికి, బడికి వెళ్లడానికి కట్టారు. సంచీలతో, సైకిళ్లతో, చంటిపిల్లల బళ్లతో వాళ్లు ఎక్కుతుంటారు. పైన బయటికి రాగానే కాళ్ల కింద ఒకచోట గాజు నేల ఉంటుంది, మా అమ్మ దాని మీద అడుగు పెట్టలేదు, పక్క నుంచే చూసింది. ఇంకా ఓపికుంటే కింద ఫాఫెన్‌థాల్ స్టేషన్ నుంచి తాడు రైల్లో కిర్ష్‌బెర్గ్ అనే ఎత్తు మీది పేటకు ఎక్కి, ఐరోపా న్యాయస్థానం బంగారు రంగు టవర్లు, ముదామ్ అనే ఆధునిక కళల మ్యూజియం చూసి రావచ్చు. ఈ తాడు రైలుకూ టికెట్ లేదు.

మాట, తిండి

మూడు భాషలు: లక్సెంబర్గిష్, ఫ్రెంచ్, జర్మన్. ఇంట్లో లక్సెంబర్గిష్, దుకాణంలో ఫ్రెంచ్, పిల్లలకు బడిలో మొదట చదవడం రాయడం నేర్పేది చాలాకాలంగా జర్మన్‌లో. ఇంగ్లిష్‌తో నగరంలో పని జరిగిపోతుంది. కానీ లోపలికి అడుగు పెట్టగానే ‘మొయెన్’ అనండి. అంటే నమస్కారం. పొద్దున్నయినా సాయంత్రమయినా అదే. ఎదుటివాళ్ల ముఖం విప్పారడం మీరే చూస్తారు. థాంక్స్‌కు ‘మెర్సీ’ చాలు.

శాకాహారులకు కాస్త కష్టమే, దాచిపెట్టి లాభం లేదు. ఇక్కడి జాతీయ వంటకం పంది మాంసం, చిక్కుడు గింజలతో చేస్తారు. చిక్కుడుకాయల సూప్ అని రాసి ఉన్నా అందులో మాంసం ముక్కలు వేస్తారు, అడగందే తీసుకోకండి. తినదగ్గది ఆలుగడ్డ తురుముతో ఉల్లిపాయ కలిపి నూనెలో వేయించే అట్టు, తిరునాళ్లలో, క్రిస్మస్ అంగళ్లలో వేడివేడిగా అమ్ముతారు, ఆపిల్ గుజ్జుతో తింటారు. గుడ్డు కలుపుతారని గుర్తుంచుకోండి. గుడ్డు కూడా తినని పెద్దవాళ్లు ఉంటే మధ్యాహ్నానికి రొట్టె, చీజ్, పళ్లు సూపర్‌మార్కెట్‌లో కొనుక్కుని, రాత్రికి ఇండియన్ హోటల్‌కు వెళ్లడం మంచిది, ఊళ్లో అవి బాగానే ఉన్నాయి. బుధ, శని వారాల పొద్దున గియోమ్ కూడలిలో సంత జరుగుతుంది, పళ్లు అక్కడ కొనండి. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, శనివారమే సర్దుకోండి. మేము పులిహోర పేస్టు, ఒక చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లాం, బరువనిపించినా మూడో రోజుకు అదే ఆదుకుంది. వంటగది ఉన్న గది తీసుకుంటేనే ఇది కుదురుతుంది, హోటల్ గదిలో కుక్కర్ పెట్టకండి.

రెండో రోజు: కోటా, అడవా

పెద్దవాళ్లు ఉంటే వియాండెన్. రైల్లో ఎట్టెల్‌బ్రుక్ దాకా వెళ్లి అక్కడ బస్సెక్కాలి. ఊర్ నది మీద చిన్న ఊరు, పైన కొండ మీద 11వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం దాకా కట్టిన కోట. 1820లో దాన్ని ఒక వ్యాపారికి అమ్మేస్తే, ఆయన కప్పు, తలుపులు, కలప విప్పి ముక్కలుగా అమ్ముకున్నాడు. 1977లో గ్రాండ్ డ్యూక్ కుటుంబం ప్రభుత్వానికి ఇచ్చాక తిరిగి కట్టారు. ఇప్పుడు చూస్తే ఒకప్పటి శిథిలం అంటే నమ్మబుద్ధి కాదు. వంతెన పక్కన 1871లో ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో దేశం విడిచి వచ్చి ఉన్న ఇల్లు ఉంది. వేసవిలో కుర్చీల తాడు మార్గం కొండ మీదికి తీసుకెళ్తుంది.

నడవగలిగితే మాత్రం ఎక్తర్నాఖ్ వెళ్లండి. రాజధాని నుంచి బస్సు. అక్కడి నుంచి బెర్‌డోర్ఫ్ వైపు అడవిదారి పడితే ఇసుకరాతి బండల మధ్య ఒక్క మనిషి పట్టే సందులు, పైన ఓ చీలిక ఆకాశం, పక్కన నాచు పట్టిన గోడ. ముల్లర్‌థాల్ కాలిబాట మొత్తం 112 కిలోమీటర్లు, మీకు ఆరేడు కిలోమీటర్లు చాలు. చెప్పులతో వెళ్లకండి, ఎండాకాలంలో కూడా రాయి జారుతుంది.

మూడో రోజు: షెంగెన్

ఆ ఊరికి బస్సులో గంట పైన పడుతుంది. ఆదివారం బస్సులు తక్కువ, తిరుగు బస్సు సమయం చూసుకున్నాకే బయల్దేరండి.

1985 జూన్ 14న బెల్జియం, ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, లక్సెంబర్గ్, నెదర్లాండ్స్ తమ మధ్య సరిహద్దు తనిఖీలు క్రమంగా తీసేయాలని ఇక్కడ సంతకాలు చేశాయి. సంతకాలు జరిగింది ఊళ్లో కాదు, నదిలో, ‘ప్రిన్సెస్ మారీ ఆస్ట్రిడ్’ అనే పడవ మీద. ఇక్కడే ఎందుకంటే, ఫ్రాన్స్, జర్మనీ, లక్సెంబర్గ్ మూడూ కలిసే చోటిది. పైగా ఇక్కడి మొజెల్ నది జర్మనీకి సగం, లక్సెంబర్గ్‌కు సగం అని పంచుకున్నది కాదు, 1816 ఒప్పందం ప్రకారం నది మొత్తం ఇద్దరిదీ. ఆ పడవను బాగుచేయించి, 40 ఏళ్ల సందర్భంగా 2025లో మళ్లీ ఈ రేవుకే తెచ్చి పెట్టారు. ఒడ్డున మ్యూజియం ఉంది, బెర్లిన్ గోడ ముక్కలు ఉన్నాయి. ఇవన్నీ చూడ్డానికి రెండు గంటలు చాలు.

అసలు చేయాల్సింది వంతెన దాటడం. అవతల పెర్ల్, జర్మనీ. నడిస్తే ఐదు నిమిషాలు. మా అమ్మ వీసా వచ్చినప్పటి నుంచి పాస్‌పోర్టుల సంచీ మెడలో వేసుకునే తిరుగుతోంది. వంతెన మధ్యలో నా ఫోన్ టింగుమంది, జర్మనీ నెట్‌వర్క్‌కు స్వాగతం అని. “ఇక్కడ మారిందమ్మా దేశం” అన్నాను. అమ్మ ఆగి వెనక్కి చూసింది, ముందుకు చూసింది. “మరి చూపించొద్దా?” అంది, సంచీ జిప్పు మీద చెయ్యి వేసి. ఎవరికి చూపించాలి? ఒక ముసలాయన కుక్కను తీసుకుని అటు నుంచి ఇటు వస్తున్నాడు, అంతే.

అయినా పాస్‌పోర్టులు మాత్రం వెంట ఉంచుకోండి. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ ఈ వైపు సరిహద్దులోనూ మళ్లీ తనిఖీలు మొదలుపెట్టింది. ఎక్కువగా పెద్ద రోడ్ల మీదే, అయినా రైల్లోనో బస్సులోనో అడిగితే ఒరిజినల్ చూపించాలి, ఫోన్‌లో ఫొటో పనికిరాదు. పెర్ల్‌లో కాఫీ తాగి, తిరిగి వంతెన దాటి, ఒడ్డున ఎడమవైపు నడిస్తే ద్రాక్షతోటల్లోకి దారి ఎక్కుతుంది. అక్కడి నుంచి మూడు దేశాలూ ఒకేసారి కనపడతాయి. ఏది ఎక్కడ మొదలైందో చెప్పడానికి పైనుంచి గీత ఏదీ ఉండదు, నది మాత్రం ఉంటుంది. సాయంత్రం బస్సుకు పది నిమిషాల ముందే స్టాపుకు చేరుకోండి, దాని తర్వాతి బస్సు కోసం చాలాసేపు ఆగాలి.